మునగాల సాయిప్రసాద్ ఎక్కడ?

“సాయిప్రసాద్ అనే మనిషే లేడండీ. ఉంటే ఈపాటికి నాకు దొరికేవాడు,” అన్నాడు మధుసూదన్.

దొరస్వామి అప్పుడే పూజ ముగించి ముందుగదిలోకి వచ్చాడు. నుదుటి నామం ఇంకా తడి ఆరలేదు. కుర్చీలో హైదరాబాదు నుంచి వచ్చిన ఆ యువకుడు మధుసూదన్, ఒళ్ళో ల్యాప్‌టాప్, కాళ్ళ దగ్గర కంపెనీ గుర్తున్న నల్ల సంచీ. గోడవారగా బల్లమీద స్వర్ణ. ఆమె కాఫీ గ్లాసు పట్టుకుని ఉంది గానీ తాగడం లేదు.

మదనపల్లెలో దొరస్వామిని అందరూ డిటెక్టివ్ అనే అంటారు. నిజానికి ఆయన పట్టుకున్న దొంగలు చాలా తక్కువ. ఆయన పని పెళ్ళిసంబంధాల విచారణ. అబ్బాయి చెప్పిన ఉద్యోగం ఉందా, అమ్మాయి చదివానన్న చదువు నిజమేనా, అటూ ఇటూ ఏవైనా పాత తగవులు ఉన్నాయా అని కనుక్కొని రావడం. స్వర్ణ పెళ్ళికి ముందు ఆమె భర్త గురించి విచారించింది కూడా ఆయనే.

“మా ఆయన సిగరెట్ తాగుతాడని మీరు చెప్పింది నిజమే సార్. మాన్పించినాను,” అంది స్వర్ణ, నవ్వబోయి నవ్వలేక.

“మంచిది. ఇప్పుడు నీ సంగతి మొదుట్నించీ చెప్పమ్మా. నాకు కంప్యూటర్ తెలీదు. మనుషుల కత చెప్పినట్ల చెప్పు.”

స్వర్ణ ఒక కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. సాయంత్రాలు ఇంకో పని చేస్తుంది, దానికి జీతం లేదు. ‘మొలక’ అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. ఎవరైనా తీసుకోవచ్చు, విప్పి చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు. దాన్ని తయారుచేసేది ఏ కంపెనీ కాదు, ఊరూరా ఉన్న కొన్ని వందలమంది. ఒక్కొక్కరు ఒక్కో భాగాన్ని సరిచూసి, కట్టగట్టి, దాని మీద తమ గుర్తు వేసి పంపుతారు. ఆ కట్టను ప్యాకేజీ అంటారు. ఆ గుర్తు చూసే మిగిలినవాళ్ళు దాన్ని నమ్ముతారు. స్వర్ణ కట్టే ప్యాకేజీ పేరు ‘వారధి’.

“అది ఏం చేస్తాది?” అన్నాడు దొరస్వామి.

“పుంగనూరు పాలకేంద్రంలో ఒక కంప్యూటర్ ఉండాది సార్. పలమనేరులో ఇంకోటి. రెండూ వేరే వేరే రకాలు. ఒకదాని మాట ఇంకోదానికి తెలీదు. మధ్యలో వారధి కూర్చుంటాది. ఈడ మాట ఆడికి, ఆడ మాట ఈడికి చేరుస్తాది. సొంత మాట ఒక్కటి కూడా కలపదు.”

“అంటే పెళ్ళి మధ్యవర్తి.”

“అవును సార్.”

“సొంత మాట కలపని మధ్యవర్తిని నేనింతవరకూ సూడలేదమ్మా. సరే, చెప్పు.”

పోయిన నెలలో ఎం. సాయిప్రసాద్ అనే అతను పుంగనూరు నుంచి ఒక సవరణ పంపాడు. లైను తెగినప్పుడు మధ్యలో ఉన్న సమాచారం పోకుండా వారధిని ఆపి ఉంచే సవరణ. చక్కగా ఉంది. రెండు రోజులకు మళ్ళీ అతని పేరుతోనే ఇంకో మెయిల్ వచ్చింది: మొదటిదాంట్లో చిన్న తప్పుంది, దాని బదులు ఇది వాడండి అని. స్వర్ణ రెండోదాన్ని కలిపి, ప్యాకేజీ కట్టి, గుర్తు వేసి పంపింది. మొన్న బుధవారం మొలకవాళ్ళు అందులో నాలుగు వరసలు ఎక్కువ ఉన్నాయని కనిపెట్టారు. వాటివల్ల, బయటివాడెవడైనా ఒక రహస్యమైన మాట పంపితే చాలు, వారధి తలుపులన్నీ తెరిచి లోపలికి పిలుస్తుంది.

“ఆ సాయిప్రసాదుకు ఎన్ని మెయిళ్ళు రాసినా జవాబు లేదు. అట్లాంటి మనిషి లేడు, ఆ పేరు చాటున నేనే ఆ నాలుగు వరసలు పెట్టినానని అంటాండారు. ఈ సాయంత్రం ఆరు గంటలకు అందరూ నెట్‌లో కలుస్తారు. ఆలోపల మనిషిని చూపించకుంటే నా గుర్తు కొట్టేస్తారు. వారధిని తీసేస్తారు. సోమవారం మొలక కొత్తది విడుదల.”

“దాంతో నీకేం పోతాది?”

స్వర్ణ కాఫీ గ్లాసు కింద పెట్టింది. “ఉద్యోగమేం పోదు సార్. కానీ రెండేండ్లుగా నేను సరిగ్గా ఉండాదంటే సరిగ్గా ఉండాదనే అనుకున్నారు, నా ముఖం చూడనోళ్ళు కూడా. ఇంక నా మాట చెల్లదు.”

దొరస్వామి తల ఊపాడు. ఆ నష్టం ఎంతో ఆయనకు ఎవరూ వివరించనక్కర్లేదు. ఆయన బతుకుతున్నదే మాట చెల్లడం మీద.

మధుసూదన్ ల్యాప్‌టాప్ మూశాడు. మొలకవాళ్ళకు విచారణ చేయించే స్తోమత లేకపోతే, తన కంపెనీ ముందుకొచ్చి తనను పంపిందని అంతకుముందే చెప్పాడు. “నిన్న పుంగనూరు వెళ్ళాను. మొదటి మెయిల్ వచ్చిన నెట్ సెంటర్ పట్టుకున్నాను. మునగాల సాయిప్రసాద్ అంటే ఎవరో ఓనరుకే తెలీదు. ఓటర్ల జాబితాలు చూశాను. పుంగనూరు, పలమనేరు, కుప్పం, మూడు చోట్లా మునగాలవాళ్ళు ఒక్క ఇల్లు లేదు. ఇంకేం కావాలండీ?”

“ఇంకొక్క దినం తిరగల్ల,” అన్నాడు దొరస్వామి.

“పెళ్ళిసంబంధాలు చూసే మీకు ఐపీ అడ్రసులు ఏం అర్థమవుతాయి?”

“అవి కావప్పా. వట్టి అడ్రసులైతే అర్థమవుతాయి.”

లోపలినుంచి ఆయన భార్య ఆదిలక్ష్మమ్మ తొంగిచూసింది. “తొమ్మిదింటికి రాహుకాలం. బయల్దేరేదుంటే బిరీన బయల్దేరండి. ఒక్కపొద్దని మరిచిపోయి బస్టాండులో బజ్జీలు తినొద్దండి.”

“ముప్పై ఏండ్లలో ఒక్కసారి తిన్నానమ్మా, ఇంకా చెప్తాండాది,” అని స్వర్ణతో అంటూ ఆయన చెప్పులు వేసుకున్నాడు.

*

పుంగనూరు బస్టాండు పక్క సందులో మారప్ప నెట్ సెంటర్. ఆరు కంప్యూటర్లు, ఒక్కోదానికి ఒక బంతిపూవు. మారప్ప బల్ల వెనక కూర్చుని ఫ్యాను గాలికి ఎగిరే కాగితాల మీద కీబోర్డు పెట్టి ఉన్నాడు.

“హైదరాబాదు అయ్యవారు నిన్న వచ్చిండాడప్పా,” అన్నాడు, దొరస్వామి ఎవరో తెలిశాక. “మునగాల సాయిప్రసాద్ యాడుండాడు అన్నాడు. మునగాకు కావల్లంటే సంతకు పో సామీ అన్నా.”

“నిజంగానే అన్నావా?”

“మనసులో అన్నాలే. పైకి తెలీదు సార్ అన్నా. తెలీదు కాబట్టే అన్నా.”

“నీ దగ్గరికి సాయిప్రసాదులు ఎంతమంది వస్తారు?”

“అబ్బో, సాయిబాబా పేరు పెట్టుకోని ఇల్లు యాడుండాది ఇప్పుడు? నలుగురైదుగురు ఉంటారు.”

“వాళ్ళలో పాలకేంద్రం పని చేసేటోడు?”

మారప్ప కుర్చీలో ముందుకు జరిగాడు. “ఓ, మునెప్ప కొడుకా! ఆ మాట ముందే అడగరాదా!”

“ఇంటిపేరేమి?”

“ఇంటిపేరుతో మనకేం పనప్పా? మునెప్ప కొడుకు సాయిప్రసాదు. ఎం. సాయిప్రసాద్. కుప్పం పక్క పల్లె. నాది జి. మారప్ప, మా నాయన గంగప్ప. నాకూ ఒక ఇంటిపేరు ఉంటాది, మా అవ్వనడిగితే చెప్తాది. పెండ్లి పత్రికలో తప్ప యాడా రాయలేదు.”

మధుసూదన్ ఎక్కడ దారి తప్పాడో దొరస్వామికి అర్థమైంది. కోస్తావైపు పేరుకు ముందున్న అక్షరం ఇంటిపేరు. ఇక్కడ, తమిళం కన్నడం రెండు పక్కలా తగిలే ఈ మూలలో, చాలామందికి అది తండ్రి పేరు. కొందరికి ఊరి పేరు. ఇరవై ఏళ్ళు సంబంధాల కోసం తిరిగిన మనిషి గనక, అక్షరాన్ని బట్టి మనిషిని వెతకకూడదని ఆయనకు తెలుసు. ఎవరి కొడుకు అని అడగాలి.

“ఆ పిల్లోడు ఇప్పుడు యాడుండాడు?”

“మూడువారాలైంది, కుప్పం పాలకేంద్రానికి మార్చినారు. ఆడ కంప్యూటర్లు బిగిస్తాండాడు. మంచి పిల్లోడప్పా. ఆ మూల మిషను సూడు. అది పాడైపోయి పక్కన పెట్టేసినా. మొలక ఏదో పెట్టి బాగుచేసిచ్చినాడు. పోయి సూసుకో, అంతా తెలుగులో ఉంటాది.”

దొరస్వామి మూల కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. నిజంగానే తెర మీద అక్షరాలన్నీ తెలుగులో ఉన్నాయి. ఆయనకు లోలోపల ఒక చిన్న సంతోషం కలిగింది. యాభైరెండేళ్ళు వచ్చాక ఒక కంప్యూటర్ ఆయనతో మాట్లాడటం ఇదే మొదలు. మారప్ప ఫోను అందుకుని స్వర్ణకు కలిపాడు.

“అమ్మా, సాయిప్రసాదు వాడిన మిషను ముందర కూర్చున్యా. ఏం చూడమంటావు?”

స్వర్ణ ఒక్కొక్కటే చెబుతుంటే మారప్ప మీటలు నొక్కాడు. సాయిప్రసాద్ పంపిన సవరణ అక్కడే ఉంది. దాని మధ్యలో, తరువాత చదివేవాళ్ళకోసం అతను ఒక మాట రాసుకున్నాడు. దొరస్వామి దాన్ని ఫోన్లో చదివాడు: “ఈడ లైను తెగితే మళ్ళా వచ్చేదాంకా కాసుకోవల్ల.”

“ఆ మాట నాకు గుర్తుండాది సార్,” అంది స్వర్ణ. “అది చూసే మనోడే అనుకున్యా. కింద ఇంకా ఏమన్నా ఉండాదా?”

“ఏమీ లేదు. అంతే.”

“అయితే ఇది మొదటిది. మంచిది. నాలుగు వరసలు లేవు.”

“రెండో సవరణ ఈ మిషన్లో లేదు. సరే గానీ అమ్మా, మెయిలు పంపినోడి అడ్రసు ఉంటాది కదా, రెండిట్లో ఒకటేనా? ఒక్కో అక్షరం చదువు.”

అటునుంచి మీటలు నొక్కుతున్న చప్పుడు వినిపించింది. మొదటి మెయిల్‌లో ‘ఎం’ పేరుకు ముందుంది. రెండో మెయిల్‌లో పేరు చివరన ఉంది, మధ్యలో ఒక గీత. స్వర్ణ గొంతు తగ్గిపోయింది. “రెండు వేరే వేరే సార్. నేను చూసుకోలేదు. నా జవాబులన్నీ రెండో అడ్రసుకే పోయినాయి.”

“రెండోది యాణ్ణించి వచ్చిందో తెలుస్తాదా?”

“తెలీదు సార్. పంపినోడు అది కనపడకుండా దాచినాడు.”

“ఇంకొక్కటి. సాయిప్రసాద్ ఇంటిపేరు మునగాల అని మధుసూదన్‌కు నువ్వు చెప్పినావా?”

“నేనా? లేదే! ఎం. సాయిప్రసాద్ అనే తప్ప నాకేం తెలీదు. పొద్దున ఆయన మునగాల అంటే, యాడో రికార్డులు చూసి కనుక్కున్నాడేమో అనుకున్యా.”

“నేను నువ్వు చెప్పింటావనుకున్యా,” అన్నాడు దొరస్వామి. ఫోను పెట్టేశాక కూడా ఆయన చెయ్యి దానిమీదే ఉంది.

మారప్ప టీ తెప్పించాడు, దాంతో పాటు బజ్జీలు. టీ మాత్రం తాగి దొరస్వామి కుప్పం బస్సెక్కాడు.

*

కుప్పం పాలకేంద్రంలో మధ్యాహ్నం రెండు దాటింది. పొద్దుటి పాలు వెళ్ళిపోయాయి, సాయంత్రం పాలు ఇంకా రాలేదు. కడిగిన క్యాన్లు వరండాలో బోర్లించి ఉన్నాయి. వెనక గదిలో ఇరవైనాలుగేళ్ళ యువకుడు నేలమీద కూర్చుని వైర్లు కలుపుతున్నాడు.

“మునెప్ప కొడుకువేనా?” అన్నాడు దొరస్వామి.

“అవును సార్. నాయన పంపినాడా?”

“స్వర్ణమ్మ పంపింది. మదనపల్లె.”

సాయిప్రసాద్ ముఖం చిన్నబోయింది. వైరు కింద పెట్టాడు. “ఆయమ్మ నా మెయిలుకు ఒక్క జవాబు రాయలేదు సార్. బాగలేదంటే బాగలేదని చెప్పొచ్చు కదా. పదైదు దినాలు సూసినా. పనికిరాదేమోలే అని ఊరుకున్యా. ఈడ నెట్ లేదు, బయటికి పోయి మళ్ళా సూడబుద్ధి కాలేదు.”

“ఆయమ్మ నీకు పదిహేను మెయిళ్ళు రాసిండాది. నువ్వు పలకలేదని ఏడుస్తాండాది.”

“నాకా? ఒక్కటీ రాలేదే!”

“రెండో సవరణ నువ్వు పంపినావా?”

“రెండోదేంది సార్?”

దొరస్వామి అతని కళ్ళలోకి చూశాడు. ఎన్నో ఇళ్ళ అరుగుల మీద కూర్చుని అబద్ధాలు విన్న మనిషి ఆయన. అబద్ధం చెప్పేవాడు ఇంత తొందరగా ఎదురు ప్రశ్న వేయడు. జేబులోంచి స్వర్ణ ఇచ్చిన కాగితం తీసి ఇచ్చాడు. అందులో ఆ నాలుగు వరసలు ఉన్నాయి. సాయిప్రసాద్ ఒకసారి చదివాడు. రెండోసారి చదివేటప్పటికి లేచి నిలబడ్డాడు.

“దేవుడా! ఇది నా పేరుతో పోయిందా?”

“పోయింది. ఎవురు రాసింటారు?”

“ఎవురో తెలీదు గానీ, వారధి లోపల పూర్తిగా తెలిసినోడు. నాకంత రాదు సార్. నేనైతే ఇట్ల రాయనూ లేను.”

“వారధికి చెడ్డపేరు వస్తే ఎవురికి లాభం?”

“వారధి లాంటిదే హైదరాబాదు కంపెనీ ఒకటి అమ్ముతాది. ఈ పాలకేంద్రాలన్నిటికీ వాళ్ళదే పెట్టల్లని పైనోళ్ళతో మాట్లాడుకున్నారు. మేము వారధి పెట్టి నడిపి చూపించినాక పైనోళ్ళు ఆ బేరం ఆపేసినారు. వాళ్ళ మనుషులు రెండుమూడు సార్లు ఈడికి వచ్చినారు కూడా.” సాయిప్రసాద్ ఆగి తలుపు వైపు చూశాడు. “అదో, అట్లాంటి సంచీతోనే.”

తలుపులో మధుసూదన్ నిలబడి ఉన్నాడు. పుంగనూరులో మారప్పను మళ్ళీ కదిపి, కారు మాట్లాడుకుని వచ్చాడు. చొక్కా చెమటతో తడిసి ఉంది.

“అయితే మనిషి ఉన్నాడన్నమాట!” అన్నాడు గదిలోకి వస్తూ. “మంచిదే. నాలుగు వరసలూ ఇతనే పెట్టాడు. కేసు ముగిసింది. ఏమయ్యా, ఎవరిచ్చారు నీకు ఈ పని?”

“మర్యాదగా మాట్లాడు సార్,” అన్నాడు సాయిప్రసాద్.

“మధుసూదనప్పా, నువ్వు వెతికేది మునగాల సాయిప్రసాదును కదా,” అన్నాడు దొరస్వామి నెమ్మదిగా. “ఈ పిల్లోడు మునెప్ప కొడుకు. వీళ్ళ ఇంట్లో మునగాల అనే మాటే లేదు.”

“ఏదైతేనేం? ఎం అంటే ఏదో ఒకటి.”

“ఏదో ఒకటి కాదు. మునగాల అని నీకెవరు చెప్పినారు?”

“మెయిల్లో ఉంది.”

“లేదు. రెండు మెయిళ్ళూ స్వర్ణమ్మ దగ్గర ఉండాయి. రెండిట్లోనూ వట్టి ఎం.”

“అయితే ఆవిడే చెప్పుంటారు.”

“చెప్పలేదు. మారప్ప చెప్పలేదు. ఓటర్ల జాబితాలో లేదని నువ్వే అంటివి. యాడా లేని పేరు నీ నోట్లోకి యాణ్ణించి వచ్చింది?”

మధుసూదన్ విసుగ్గా ల్యాప్‌టాప్ తెరిచాడు. ఒకటి చూశాడు, ఇంకొకటి చూశాడు. విసుగు మెల్లగా పోయింది. పాలు చల్లబరిచే యంత్రం పక్కగదిలో గురగురమంటోంది.

“మా ఎండీ గారు చెప్పారు,” అన్నాడు చివరికి. “పుంగనూరు ఏరియాలో మునగాల సాయిప్రసాద్ అనేవాడు ఉన్నాడో లేడో తేల్చాలి, తయారుగా ఉండు అన్నారు.”

“ఎప్పుడన్నాడు?”

“సోమవారం.”

“నాలుగు వరసలు బయటపడింది బుధవారం,” అన్నాడు దొరస్వామి.

ఆయన సాయిప్రసాద్ వైపు తిరిగాడు.

“సాయిప్రసాదూ, నువ్వు ఆ మెయిలు తెరిచేటప్పుడు ఇంటిపేరు అడిగినారా?”

“అడుగుతారు సార్. ఆ గడి ఖాళీగా వదిలితే ముందుకు పోనీదు. నేను నాయన పేరు రాసినా.”

“నీ పేరుతో దొంగ మెయిలు తెరిచినోడికి కూడా ఆ గడి ఎదురొచ్చింటాది. వాడు నిన్ను చూడలేదు, నీ సవరణ మాత్రమే చూసినాడు. ఎం అంటే ఇంటిపేరే అయింటాదనుకున్నాడు. తోచిన ఇంటిపేరు ఒకటి పెట్టినాడు. ఆ పేరు తెలిసేది పెట్టినోడికీ, వాని పక్కన కూర్చున్నోడికీ. మొలకలో వచ్చేదంతా ఎవురైనా చూడొచ్చంట కదా. నీ మొదటి సవరణ వాళ్ళకు అట్లనే దొరికింటాది.”

“మాది తెనాలి,” అన్నాడు మధుసూదన్, ఎవరితోనూ కాకుండా. “నేనైనా ఇంటిపేరే రాసేవాణ్ణి.” ఆ తరువాత కోపం వచ్చింది. “నన్ను అనుమానిస్తున్నారా మీరు? నేను నిజాయితీగా వెతికానండీ! నిన్నంతా ఎండలో తిరిగాను!”

“తిరిగినావు. నీ నిజాయితీ మీద నాకు అనుమానం లేదు. నీకు దొరుకుతాడని నమ్మి నిన్ను పంపలేదప్పా. దొరకడని నమ్మి పంపినారు.”

ఆ మాట బాగా తగిలింది. మధుసూదన్ క్యాను మూత మీద కూర్చుండిపోయాడు. సాయిప్రసాద్ లోపలికి వెళ్ళి గ్లాసుతో చల్లటి మజ్జిగ తెచ్చి, ఒక్క క్షణం తటపటాయించి, అతనికే ముందు ఇచ్చాడు.

*

ఆరు గంటలకు ముగ్గురూ కుప్పం బస్టాండు ఎదుట ఒక నెట్ సెంటర్లో ఒకే తెర ముందు ఇరుక్కుని కూర్చున్నారు. తెర మీద మాటలు ఒకదాని కింద ఒకటి వస్తున్నాయి. చాలావరకు ఇంగ్లీషు. సాయిప్రసాద్ చదివి చెబుతున్నాడు.

“స్వర్ణమ్మ వచ్చింది సార్. ‘నేను ఉన్నాను’ అంటాండాది. ఎవురూ పలకడంలేదు.”

“నువ్వు పలుకు.”

సాయిప్రసాద్ చేతులు తుడుచుకుని టైపు చేశాడు: నేను ఎం. సాయిప్రసాద్. నేను పంపింది ఒకటే సవరణ. దాని అసలు ప్రతి పుంగనూరు నెట్ సెంటర్లో ఉంది, ఎవరైనా వెళ్ళి చూసుకోవచ్చు.

ఒక్కసారిగా ప్రశ్నలు కురిశాయి. నువ్వే అని నమ్మకమేమిటి? సవరణ ఎందుకు అలా రాశావు? లైను తెగినప్పుడు ముందు దేన్ని ఆపాలి? సాయిప్రసాద్ ఒక్కొక్కదానికీ జవాబు రాశాడు. మూడో జవాబుకు ఎవరో ‘ఇతనికి విషయం తెలుసు’ అన్నారు. కానీ ఇంకొకరు, ‘స్వర్ణే పక్కన కూర్చుని రాయిస్తోందేమో’ అన్నారు.

దొరస్వామి మధుసూదన్ వైపు చూడలేదు. ఇది ఒకరు చెబితే చేసే పని కాదని ఆయన అనుకున్నాడు.

మధుసూదన్ కుర్చీ ముందుకు లాక్కున్నాడు. “జరుగు,” అన్నాడు సాయిప్రసాద్‌తో. తన పేరు రాశాడు, కంపెనీ పేరు రాశాడు. సోమవారం తనకేం చెప్పారో, ఎవరు చెప్పారో, ఆ పేరు ఎక్కడా లేదని ఈరోజు ఎలా తెలిసిందో రాశాడు. మధ్యలో అతని సెల్‌ఫోను మోగింది. ఫోను మీద పేరు చూసి దాన్ని ఆపేసి జేబులో పెట్టుకున్నాడు.

“ఉద్యోగం పోయిందండీ,” అన్నాడు, రాయడం ఆపకుండానే.

ఆ తరువాత ఒక వరస వచ్చింది. దాని కింద ఇంకొకటి. సాయిప్రసాద్ చదివి చెప్పాడు.

“స్వర్ణమ్మ గుర్తు ఉంచుతాం అంటాండారు సార్. మొదటి సవరణతో వారధిని మళ్ళా కట్టి పంపమంటాండారు. ఇంకొకాయన క్షమించమని అడిగినాడు.”

“ఆయమ్మ ఏమంటాది?”

“నవ్వే బొమ్మ ఒకటి పెట్టింది. అంతే.”

దొరస్వామి చేతులు జోడించి కళ్ళు మూసుకున్నాడు. స్వామీ, ఒక ఆడబిడ్డ మాట నిలబెట్టినావు. ఆయన మనసు తేలికపడింది, అప్పుడే ఆకలి కూడా తెలిసింది. ఇక్కడెక్కడైనా మంచి భోజనం దొరుకుతుందా అని అడగబోయి మధుసూదన్ ముఖం చూశాడు.

ఆ ముఖంలో తేలిక లేదు. అతను సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుని, టికెట్లు రెండు పైకి లాగాడు.

“ఒకటి అడగనా సార్?” అన్నాడు. దొరస్వామిని అతను సార్ అనడం అదే మొదటిసారి. “మదనపల్లె పని అయ్యాక హాసన్ వెళ్ళమన్నారు నన్ను. అక్కణ్ణించి ఈరోడ్. అక్కడ కూడా ఇలాగే ఇద్దరు మనుషులు ఉన్నారో లేరో చూసి రావాలి. వాళ్ళ పేర్లు ఇచ్చారు.”

“ఆడ ఎవురు తప్పిపోయినారు?”

“అదే సార్. ఇంకా ఎవరూ తప్పిపోలేదు.”

సాయిప్రసాద్ ముందు అర్థం చేసుకున్నాడు. “ఆ పేర్లు చెప్పండి,” అని మధుసూదన్ చెప్పిన రెండు పేర్లూ మొలక మొత్తంలో వెతికాడు. మొదటి పేరు వెంటనే దొరికింది. ముద్రణ యంత్రాలను నడిపే ప్యాకేజీలో ఒక చిన్న సవరణ. రెండో పేరు దొరకడానికి కొంచెం సమయం పట్టింది. అది దొరికినప్పుడు సాయిప్రసాద్ తెర వైపు వేలు చూపించాడు. పాస్‌వర్డు సరైనదో కాదో చూసే ప్యాకేజీలో, పోయిన వారం కలిపిన ఒక సవరణ. మొలక ఉన్న ప్రతి కంప్యూటర్‌లోనూ ఉండే ప్యాకేజీ అది.

“ఇవి ఎవురూ చూడలేదు సార్. సోమవారం అందరి ఇండ్లలోకీ పోతాయి.”

దొరస్వామి అప్పటికే కౌంటరు దగ్గర ఫోను తీసుకున్నాడు. స్వర్ణ ఒక్క రింగుకే ఎత్తింది. సంతోషంతో ఏదో చెప్పబోతుంటే ఆపి, రెండు పేర్లూ రెండు ప్యాకేజీలూ చెప్పాడు. మధుసూదన్‌కు వాళ్ళు ముందే ఇచ్చిన పేర్లు ఇవేనన్నాడు.

“వీటిల్లో కూడా అట్లాంటి వరసలే ఉండాయని రుజువుందా సార్?”

“లేదమ్మా. సూడ్డానికి ఎంత పొద్దు పడతాది?”

“వారం. పది దినాలు పట్టొచ్చు.”

“సోమవారానికి కాదు.”

“కాదు,” అంది స్వర్ణ. “విడుదల ఆపమని అడగల్ల సార్. ఇంతవరకూ ఎవురూ అట్ల అడగలేదు. ఒక సంవత్సరం పని అది, వందలమందిది. గంట కిందటిదాకా నన్నే దొంగన్నారు.”

“అడగల్లంటే ఎవురో ఒకరు అడగల్ల కదమ్మా.”

ఫోను పెట్టేసి ఆయన తెర దగ్గరికి వచ్చాడు. ముగ్గురూ చూస్తుండగా స్వర్ణ పేరు పక్కన ఒక వరస కదిలింది. ఈసారి ఆమె తెలుగులో రాసింది, కిందనే ఇంగ్లీషులో.

‘మరో రెండు ప్యాకేజీల మీద అనుమానం ఉంది. రుజువు నా దగ్గర లేదు. నా మాట మీద సోమవారం విడుదల ఆపండి.’

సాయిప్రసాద్ కుర్చీ అంచు పట్టుకున్నాడు. బయట వి.కోట బస్సు వచ్చి, జనాన్ని దించి, వెళ్ళిపోయింది. తెర మీద ఏమీ రాలేదు.

ఆ తరువాత ఒకే ఒక్క మాట వచ్చింది.

ఆపాం.

దాని కింద ఇంకొకరు, ఇంకొకరు, తెర నిండేదాకా.